ఎలుకలు తినేవాళ్ళ ఊళ్ళో

జనవరి 8

మళ్ళీ వచ్చి పడ్డాను. తారురోడ్డు దగ్గర బస్సు దిగి రెండు గంటలు బురదలో నడక. పెట్టె నెత్తిమీద, చెప్పులు చేతిలో. మా ఊరు మ్పికాలో అమ్మ కట్టిచ్చిన ఎండు పురుగుల పొట్లం తడవకుండా నడుముకు చుట్టిన గుడ్డలో మూట కట్టుకున్నాను. కూరకు నెల రోజులు వస్తాయి.

ఊరి మొదట్లోనే షాబా తాత ఇల్లు. అదే చూరు, అదే పీట, అదే చిరిగిన కోటు, అదే తోలు టోపీ. నన్ను ఆమడ దూరం నుంచే చూసి మొదలుపెట్టాడు.

"వచ్చిందండోయ్ కోతులు తినేది! ఏమే బెంబా, క్రిస్మస్‌కి మీ ఊళ్ళో ఎన్ని కోతుల్ని వండారేంటి? తోకలన్నీ నీకే పెట్టారా?"

"నమస్కారం తాతా. మీ ఒంట్లో ఎలా ఉంది?" అని మోకాళ్ళు వంచాను.

ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. ఎనిమిది నెలలుగా ఇదే వరస.

నాకు తెలియక కాదు. మా బెంబా తెగవాళ్ళకీ ఈ ఊరి న్గోనీ తెగవాళ్ళకీ బావామరదళ్ళ వేళాకోళం ఉంది. మా ముత్తాతలూ వీళ్ళ ముత్తాతలూ పొడుచుకుని పొడుచుకుని అలిసిపోయి, ఇకమీదట నోటితోనే కొట్టుకుందామని ఒప్పుకున్నారట. రైల్వేలో నాన్నకు ఒక న్గోనీ స్నేహితుడు ఉండేవాడు. ఇద్దరూ "కోతుల తిండీ" "ఎలుకల తిండీ" అని అరుచుకుని ఒకే కప్పులో టీ తాగేవారు. కానీ నాన్న గుమాస్తా. నేను టీచర్ని, కాలేజీలో చదివిన టీచర్ని. పైగా ఈ ముసలాయన బడి కమిటీ పెద్ద. నా సిఫారసు ఉత్తరం మీద ఆయన వేలిముద్ర పడాలి. అది పడితే సర్కారు కొలువుకు దరఖాస్తు పెట్టి, కసామాలోనో మ్పికాలోనో తారురోడ్డు పక్కన ఒక బడిలో చేరిపోతాను.

ఇక్కడ జూన్ దాకానే. ఆ తర్వాత ఈ బురద మొహం చూడను.

జనవరి 9

బడి తెరిచాం. నలభై ఒక్కమంది వచ్చారు. ఏడో తరగతి పదకొండుమందీ వచ్చారు, ఒక్కరు కూడా మానలేదు. ఈ ఊరి నుంచి అక్టోబరులో పరీక్ష రాయబోయే మొదటి గుంపు ఇదే. నాకు గర్వం ఏమీ లేదు. ఊరికే రాస్తున్నాను.

మా బడి అంటే షాబా తాత పాత పొగాకు కొట్టం. ఆయన పొగాకు వేయడం మానేసి ఆరేళ్ళయింది. "పిల్లల్ని కూర్చోబెట్టుకోండి" అని నోటిమాటగా ఇచ్చేశాడు. పైన అడ్డకర్రలు ఇంకా అలాగే ఉన్నాయి. ఎండకాస్తే పాత ఆకు వాసన దిగుతుంది.

మ్వాలే మాస్టారు మా హెడ్మాస్టరు. నాలాగే జీతం లేని మనిషి. నెలకో బకెట్టు మొక్కజొన్న ఊరివాళ్ళు ఇస్తే తీసుకుంటాడు, ఇవ్వకపోతే దగ్గుతాడు. ఇవాళ ఆయన చెప్పిన కబురు: మార్చిలో జిల్లా ఆఫీసరు వస్తాడట. కప్పు బాగుండి, పిల్లలు నిండుగా ఉంటే మా బడిని సర్కారు జాబితాలో చేరుస్తారట. జీతంతో ఒక టీచరు పోస్టు కూడా వస్తుందట.

"ఆ పోస్టు మీకే రావచ్చు మేడమ్" అన్నాడు.

"నాకెందుకు?" అన్నాను.

జనవరి 12

రోజంతా వాన. కప్పు రెండుచోట్ల కారింది. పిల్లలు తమంతట తామే జరిగి కూర్చున్నారు.

జనవరి 16

షాబా తాత పెద్దకొడుకు జకాయో కొట్టంలోకి వచ్చాడు. పాఠం మధ్యలో. చేతిలో కొలకర్ర. అడ్డకర్రలు లెక్కపెట్టి, ఒక్కొక్కటీ తట్టి చూసి వెళ్ళిపోయాడు. ఏడో తరగతిలో ముందు వరసలో కూర్చునే జియోనే అనే పిల్లకు ఇతనే నాన్న. ఆ పిల్ల తలెత్తలేదు.

సాయంత్రం తెలిసింది. జకాయో ఈ ఏడు పొగాకు నాటాడు. ఫిబ్రవరి మొదటి వారానికి ఆకు కోతకు వస్తుంది. ఆరబెట్టడానికి కొట్టం కావాలి.

వానల్లో కప్పు లేకపోతే బడి ఎక్కడ పెడతాం? మార్చిలో ఆఫీసరుకు ఏం చూపిస్తాం? మ్వాలే మాస్టారు దగ్గుతూ కూర్చున్నాడు.

జనవరి 18

వినతిపత్రం రాశాను. నాలుగుసార్లు చింపి ఐదోసారి. "గౌరవనీయులైన అధ్యక్షులవారికి" అని మొదలుపెట్టి "మీ విధేయురాలు" అని ముగించాను. నేనూ మ్వాలే మాస్టారూ వెళ్ళి షాబా తాత ముందు చాపమీద కూర్చున్నాం. జకాయో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తాత పోయిన నెలకన్నా చిక్కాడు. మాట మధ్యలో ఆయాసం వస్తోంది.

"ఏంటే ఆ కాయితం? చెట్టు మీంచి కోతి పడేసిందా?" అన్నాడు.

నేను లేచి, రెండు చేతులతో కాగితం అందించి, "తమరు దయతో చదివించుకుని ఆలోచించాలి" అన్నాను.

ఆయన కొడుకు వైపు తిరిగాడు. "జకాయో, వీళ్ళతో నువ్వే మాట్లాడుకో. ఈ పిల్లతో మాట్లాడటం గోడతో మాట్లాడినట్టుంది" అని లోపలికి వెళ్ళిపోయాడు.

జకాయో మర్యాదగానే చెప్పాడు. "పొలం నాన్న నా చేతికిచ్చేశాడు మేడమ్. పొలంతోపాటు కొట్టం కూడా. నాకూ పిల్లలున్నారు. నెలాఖరు దాకా వాడుకోండి."

ఇంత చక్కగా రాసిన కాగితాన్ని కోతి పడేసిందనడం ఏం మర్యాద! ఈ ఊరివాళ్ళకు నేను నచ్చను. నాకూ వీళ్ళు నచ్చరు. చెల్లుకు చెల్లు.

జనవరి 21

ఆదివారం. చర్చి నుంచి వస్తుంటే షాబా తాత భార్య న్యాజేరే అవ్వ నా చెయ్యి పట్టుకుని ఆపింది. కోపంగా ఉంది.

"తల్లీ, ఒక్క మాట అడుగుతా. మేమంటే నీకెందుకంత అసహ్యం?"

అసహ్యమా అని నేను అడిగేలోపే మళ్ళీ అందుకుంది.

"మా ఆయన ఎనిమిది నెల్ల నుంచి నిన్ను రోజూ తిడుతున్నాడు. పొద్దున్నే లేచి, ఇవాళ దాన్ని ఏమని తిట్టాలా అని ఆలోచించుకుని మరీ తిడుతున్నాడు. నువ్వు ఒక్కసారన్నా తిరిగి తిట్టావా? 'నమస్కారం తాతా' అంటావు! ఎవరికే నమస్కారం? ఆయనేమన్నా పోలీసా?"

"పెద్దవారు కదా అవ్వా…"

"పెద్దవాడు కాబట్టే! ఈ ఊళ్ళో ఆయన్ని తిట్టే హక్కున్నదానివి నువ్వొక్కదానివే. మేమెవ్వరం తిట్టకూడదు. బెంబా పిల్ల వచ్చిందని తెలిసిన రోజు ఎంత సంబరపడ్డాడో! ఇప్పుడు ఊరంతా ఏమనుకుంటున్నారో తెలుసా? ఆ టీచరమ్మ మన వరస వద్దనుకుంది, మనల్ని పరాయివాళ్ళని చేసింది అని."

ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుండిపోయాను. మర్యాద చేస్తున్నానని అనుకున్నాను. ఎనిమిది నెలలుగా ఆయన చెయ్యి చాపుతుంటే నేను దాన్ని తోసేస్తూ వచ్చాను. సిగ్గుతో చచ్చిపోయాను.

జనవరి 22

పాఠం తయారుచేసుకున్నట్టు తిట్లు తయారుచేసుకున్నాను. పుస్తకంలో రాసుకుని, కొట్టేసి, మళ్ళీ రాసుకున్నాను. బడి వదిలాక వెళ్ళాను. కాలేజీలో పరీక్ష పాఠం చెప్పిన రోజు కూడా ఇంత భయపడలేదు.

ఆయన దుప్పటి కప్పుకుని పీట మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ఏమీ అనలేదు. ఆశ వదిలేసుకున్నాడు కాబోలు.

"ఏం ముసలోడా, మూలుగుతున్నావు?" అన్నాను. గొంతు నాది కానట్టుంది. "రాత్రి మింగిన ఎలుక ఇంకా కడుపులో పరిగెడుతోందా? బొచ్చు పీకకుండా మింగితే అంతే మరి!"

ఆయన కళ్ళు పెద్దవయ్యాయి. ముందు ఒక దగ్గు. తర్వాత నవ్వు. నవ్వీ నవ్వీ, దగ్గీ దగ్గీ, కళ్ళనీళ్ళు తుడుచుకుని లోపలికి కేకేశాడు.

"ఒసేవ్ న్యాజేరే! బయటికి రా! కోతికి మాటలొచ్చాయే!"

పక్క ఇళ్ళవాళ్ళు కూడా వచ్చారు. గంటసేపు తిట్టుకున్నాం. నేను రాసుకెళ్ళినవి మూడే. మిగతావన్నీ ఎక్కడి నుంచి వచ్చాయో నాకే తెలియదు, నాన్న నోట్లోంచి వచ్చాయేమో. అవ్వ నాకు మొక్కజొన్న పిండి న్షిమా ముద్ద, గుమ్మడాకు కూర పెట్టింది. ఆ కూరలో వేరుశనగపొడి దండిగా పడింది.

"ఎనిమిది నెలలు పస్తు పెట్టావు కదే నన్ను" అన్నాడు తాత, నేను లేచేటప్పుడు.

ఉత్తరం మీద వేలిముద్ర సంగతి అడగలేదు. రేపు అడగాలి.

జనవరి 26

రోజూ వెళుతున్నాను. ఇవాళ కొట్టం గురించి సూటిగా అడిగాను, "నీ కొడుకు పిల్లల్ని వానలోకి తోస్తుంటే చూస్తూ కూర్చుంటావేం ముసలి ఎలుకా?" అని.

ఈసారి నవ్వలేదు. "ఇచ్చేసినదాని మీద నా నోరు చెల్లదే. ఈ వయసులో కొడుకు చేతిలోది లాక్కుంటే ఊళ్ళో వాడికి తలెక్కడుంటుంది?" అన్నాడు. దుప్పటి దగ్గరికి లాక్కుని, "నేను పోయిన రోజు మాత్రం నువ్వు ఏడుస్తూ రాకు. ఏడవడానికి బోలెడంతమంది ఉన్నారు. నీ పని వేరు" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చలేదు. ఇంకో రెండు తిట్లు తిట్టి వచ్చేశాను.

వేలిముద్ర రేపు.

ఫిబ్రవరి 1

కొట్టం ఖాళీ చేశాం. బోర్డును ఏడో తరగతి పిల్లలు నెత్తిన పెట్టుకుని మ్వాలే మాస్టారి వరండాకు మోశారు.

ఫిబ్రవరి 5

వరండాలో పన్నెండుమంది పడతారు. మిగతావాళ్ళు చూరు నీళ్ళ కింద. ఇవాళ ఇరవైమంది వచ్చారు.

ఫిబ్రవరి 8

తొమ్మిదిమంది. ఏడో తరగతిలో నలుగురు. జియోనే రాలేదు. దారిలో కొట్టం ముందు కనబడింది, కర్రకు ఆకు కుడుతూ. వేళ్ళన్నీ నల్లటి జిగురు. నన్ను చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"భిన్నాలు ఎక్కడి దాకా వచ్చాయి మేడమ్?" అని అడిగింది.

ఎక్కడికీ రాలేదని చెప్పాను.

ఫిబ్రవరి 12

షాబా తాత తెల్లవారుజామున పోయాడు.

వేలిముద్ర వేయించుకోవడం మరిచిపోయాను. మరిచిపోయానా?

ఫిబ్రవరి 14

ఇవాళ జరిగింది రాయాలి. రాయకపోతే రేపటికి నేనే నమ్మను.

పొద్దున షాబాల ఇంటికి వెళ్ళేసరికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వాళ్ళ వంశమంతా దిగి ఉంది. లోపల ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడిపోయాను. నాకూ ఏడుపు తన్నుకొచ్చింది. కానీ న్యాజేరే అవ్వ నన్ను చూసింది. ఏడుస్తూనే లేచి, గోడకు తగిలించిన ఆయన కోటు, టోపీ తీసి నా చేతిలో పెట్టింది.

వేసుకున్నాను. కోటు మోకాళ్ళ దాకా వచ్చింది. ఆయనలాగే నడుం మీద చెయ్యి పెట్టుకుని, కాలీడ్చుకుంటూ, గుంపు మధ్యలోకి నడిచాను.

"ఏంటా ఏడుపు?" అన్నాను ఆయన గొంతుతో, ఆయన దగ్గుతో. "బతికున్నప్పుడు పీటకు కాలు విరిగిందిరా అంటే ఒక్కడు బాగుచేయలేదు. ఇప్పుడొచ్చి ఏడుస్తారా? ఎవడ్రా అక్కడ, నా చావుకొచ్చి నా కోడినే తింటున్నాడు?"

అందరికన్నా గట్టిగా ఏడుస్తున్న జకాయో మేనత్త ముందు నవ్వింది. తర్వాత అందరూ. ఏడుస్తూనే నవ్వుతున్నారు. మ్వాలే మాస్టారు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. టీచరు హోదా గురించి ఆయన నాకు చెప్పినవన్నీ ఆ కోటు కింద ఉండిపోయాయి.

శ్మశానం దాకా అలాగే వెళ్ళాను, శవపెట్టె మోసేవాళ్ళను తిడుతూ. గొయ్యి దగ్గరికి రాగానే నాన్న చెప్పిన ఒక సంగతి గుర్తొచ్చింది. నాన్న స్నేహితుడు పోయినప్పుడు నాన్న గోతిలో పడుకున్నాడట. ఏదో ఒకటి ఇస్తేగాని లేవలేదట. వరసైనవాడు అడిగితే కాదనకూడదట.

గోతిలోకి దూకాను. తడిమట్టి మీద వెల్లకిలా పడుకున్నాను.

"చోటు బావుంది. చల్లగా ఉంది. ముసలాడికి ఇంకోటి తవ్వుకోండి" అన్నాను.

పైన పెద్ద నవ్వు. ఊరిపెద్ద గోతి అంచున గొంతుక్కూర్చున్నాడు. "లేవవే కోతీ. కోడినిస్తాం."

"ఎలుకలు తినేవాళ్ళ కోడి నాకొద్దు. దాని కడుపులో కూడా ఎలుకలే ఉంటాయి."

"పోనీ మేక."

"మేకను మీరే ఉంచుకోండి. ఈ ఊళ్ళో మాట వినేది అదొక్కటే."

"మరేం కావాలే నీకు?"

"పొగాకు కొట్టం."

గోతిలోంచి చూస్తే పైన నలుచదరంగా కాస్త మబ్బు, దాని చుట్టూ మొహాలు. ఆ మొహాల మీద నవ్వు ఒక్కొక్కటిగా ఆగిపోవడం చూశాను. జకాయో మొహం వచ్చింది.

"లేవండి మేడమ్. ఇది వేళాకోళం కాదు. ఆకు సగం ఆరింది. ఇప్పుడు దించితే బూజు పడుతుంది. నా ఏడాది కష్టం అది."

నాకు భయమేసింది. అతను చెప్పింది నిజం. క్షమించండి అనడానికే నోరు తెరిచాను. కానీ ఎనిమిది నెలలు మర్యాదగా ఉండి ఏం చేశానో తెలిసినదాన్ని. ఆ మాట మింగేశాను.

"ఒరే జకాయో! ఇక్కడ మేడమ్ ఎవరూ లేరు. మీ అయ్య కొట్టంలో పిల్లల్ని పెట్టాడు. నువ్వు ఆకు పెట్టావు. ఆకు చదువుకుంటుందిరా? అక్టోబరులో పరీక్ష రాస్తుందా? రేపు నీకు ముసలితనం వస్తే ఆకు నీకు ఉత్తరం చదివి పెడుతుందా?"

దూరంగా ఉరిమింది. పెట్టె మోస్తున్న వాళ్ళలో ఒకడు, "అన్నా, భుజాలు పడిపోతున్నాయి" అన్నాడు.

న్యాజేరే అవ్వ గొంతు వినబడింది. "మీ నాన్న తన జన్మలో ఎవరికోసమూ ఇంతసేపు ఎదురుచూడలేదురా."

తర్వాత ఇందాకటి మేనత్త. "నా ఇంటి చూరు కింద పది కర్రలు వేలాడదీసుకో." ఇంకెవరో, "మా చూరు కింద ఇరవై పడతాయి." "మా వంటింట్లో కూడా…"

"వంటింట్లో వద్దు" అన్నాడు జకాయో వెంటనే. "పొగ తగిలితే ఆకు పాడైపోతుంది. బయట చూరుకే. గాలి తగలాలి."

అప్పుడు అర్థమైంది, ఒప్పుకున్నాడని. అతనికీ అప్పుడే అర్థమైనట్టుంది. తలదించుకుని వెళ్ళిపోయాడు. అందరూ నిలబడే ఉన్నారు, పెట్టెను కింద పెట్టకుండా భుజాలు మార్చుకుంటూ. జకాయో తిరిగొచ్చి కొట్టం తలుపు గడియ కర్రను నా పొట్ట మీదకు జారవిడిచాడు. దెబ్బ తగిలింది.

"పట్టుకో. లే ఇక" అన్నాడు.

చెయ్యిచ్చి నన్ను పైకి లాగింది కూడా అతనే. షాబా తాతను దించారు. మట్టి వేసేటప్పుడు వాన మొదలైంది. కోటు, టోపీ తీసి అవ్వకిచ్చేశాను. అప్పుడు ఏడ్చాను.

ఫిబ్రవరి 15

వరసైనదానికి హక్కొక్కటే కాదు, చాకిరీ కూడా ఉంటుందట. చావింట్లో గిన్నెలు తోమాను, ఇల్లు ఊడ్చాను. అటు వంశమంతా వరసగా నిలబడి ఆకు కర్రలు చేతులు మార్చుకుంటూ ఇంటింటికీ చేర్చారు.

జకాయో వచ్చి నేను ఊడుస్తున్న చోట నిలబడ్డాడు.

"ఒక్కటి తెలుసుకోండి. కొట్టం నేను బడికివ్వలేదు. మీకిచ్చాను. గోతిలో పడుకున్నది మీరు. మీరు ఈ ఊరు వదిలిన రోజు నా కొట్టం నాకొస్తుంది. మా పద్ధతి అంతే."

"నేను జూన్ దాకానే" అనబోయి ఆగిపోయాను.

ఫిబ్రవరి 19

కొట్టంలో బడి. ముప్పై ఆరుమంది.

ఫిబ్రవరి 20

నలభై. జియోనే వచ్చింది. భిన్నాలు మొదటి నుంచి మొదలుపెట్టాను.

మార్చి 2

మేనత్త చూరు కింద వేలాడదీసిన ఆకుకు బూజు పట్టింది. జల్లు కొడుతోంది. జకాయో ఆ కర్రల ముందు కూర్చుని, చెడిన ఆకు ఒక్కొక్కటే తీసి పారేస్తుంటే చూశాను. తిట్టినా బాగుండేది. నన్ను చూసి తల కూడా ఊపలేదు.

గెలిచానని సంతోషపడ్డాను ఇన్నాళ్ళూ. నా గెలుపు ఖరీదు ఆ మనిషి కడుతున్నాడు.

మార్చి 4

ఏడో తరగతిని ఒక గంట ముందు రమ్మన్నాను. పదకొండుమందీ నేనూ ఇంటింటికీ తిరిగి కర్రలు దించి, తడిసినవి లోపలికీ ఆరినవి బయటికీ మార్చాం. ఏ ఆకు ఎలా పట్టుకోవాలో జియోనే నేర్పించింది. ఈ పాఠంలో అందరికన్నా మొద్దును నేనే.

మార్చి 9

రోజూ తిప్పుతున్నాం. బూజు ఆగింది. జకాయో ఏమీ అనడు.

ఊళ్ళో మాత్రం అంటున్నారు. చావింటి వేళాకోళం చావింటితోనే సరి, ఆఫీసరు వచ్చినప్పుడు జకాయో కొట్టం నాదే అంటే ఎవరేం చేస్తారు అని. నిజమే. కాగితం లేదు, వేలిముద్ర లేదు. ఎల్లుండే ఆఫీసరు వస్తున్నాడు. రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. నాకేం పట్టదని మొన్న జనవరిలో రాసుకున్నట్టున్నాను. రాసిన పేజీ తీసి చూడబుద్ధి కాలేదు.

మార్చి 11

ఆఫీసరు వచ్చాడు. పేరు హమూంగా. మోటారు సైకిలు బురదలో దిగబడితే పిల్లలే లాగారు. నలభై మూడుమందిని తనే లెక్కపెట్టుకున్నాడు. ఏడో తరగతి చేత బోర్డు మీద లెక్కలు చేయించాడు. జియోనే రెండు చేసింది. కప్పు చూశాడు, హాజరు పట్టీ చూశాడు, అన్నీ బాగున్నాయన్నాడు. తర్వాత సంచిలోంచి ఒక ఫారం తీశాడు.

"కట్టడం ఎవరిది?"

మ్వాలే మాస్టారు దగ్గడం మొదలుపెట్టాడు. తలుపు దగ్గర ఊరంతా గుమిగూడి ఉంది. నేను కూర్చునే పీట అంచును గట్టిగా పట్టుకున్నాను. జకాయో గుంపును తోసుకుని లోపలికి వచ్చాడు. మాసిన బట్టలు, వేళ్ళకు పొగాకు జిగురు. తండ్రి టోపీ పెట్టుకుని ఉన్నాడు. అతని నెత్తిన ఆ టోపీ చూడటం నాకదే మొదటిసారి.

"కట్టింది మా నాన్న" అన్నాడు.

అయిపోయింది అనుకున్నాను.

"ఇప్పుడు మాత్రం ఇదిగో, ఈ కోతులు తినేదానిది. మా నాన్న గోతిలో పడుకుని మరీ లాక్కుంది, సిగ్గులేని మనిషి. మూడు ఊళ్ళవాళ్ళు చూశారు. కావాలంటే అడుగు సార్."

ఊరంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. ఆఫీసరు కలం గాల్లోనే ఆగిపోయింది. "నేను టోంగా తెగవాణ్ణి. మీ న్గోనీ బెంబా గొడవల్లోకి నన్ను లాగొద్దు. ఫారంలో ఏం రాయాలో అది చెప్పండి."

"చెబుతా సార్. కొట్టం దీనిది. ఇది ఇక్కడ ఉన్నన్నాళ్ళూ బడిది. ఆ జీతం పోస్టు ఇంకెవరికో ఇచ్చి దీన్ని వేరే ఊరు పంపించారనుకో, మర్నాడే నా పొగాకు నేను ఎక్కిస్తా. బడీ ఉండదు, మీ పోస్టూ ఉండదు. పోస్టు దీనికే రాసుకుంటావో, లేదో, నీ ఇష్టం."

ఊరు వదిలితే కొట్టం పోతుందన్న ఆ మాటను అప్పటిదాకా నేను నా కాలికి కట్టిన తాడనే అనుకున్నాను. అది పట్టుకుని ఈ మనిషి ఆఫీసరును నా తరఫున బెదిరిస్తున్నాడు. చేతిదాకా వచ్చిన పంట కొంత పోగొట్టుకున్న మనిషి.

ఆఫీసరు నావైపు తిరిగాడు. "మేడమ్, మీరు చదువుకున్నవారు. పోస్టు ఇక్కడికే అడిగితే మళ్ళీ మార్పు ఉండదు. కనీసం అయిదేళ్ళు. తారురోడ్డు లేదు, కరెంటు లేదు. మీకు ఇష్టమేనా?"

అందరూ నన్నే చూస్తున్నారు. తలుపు పక్కన న్యాజేరే అవ్వ, ముందు వరసలో జియోనే, టోపీ కింద నుంచి జకాయో. ఇష్టమేనండీ, కృతజ్ఞతలు అని మర్యాదగా చెప్పి ఉంటే అక్కడే ఏడ్చేసేదాన్ని. మరిక వేరే దారి లేదు.

"ఏం చేస్తాం సార్? వీళ్ళను వదిలేస్తే ఎలుకలు పట్టుకోవడం తప్ప ఇంకేం నేర్చుకుంటారు? నా ఖర్మ" అన్నాను.

కొట్టం దద్దరిల్లింది. జకాయో టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. ఆఫీసరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కలం పట్టుకుని, అరిచి అడగాల్సి వచ్చింది.

"ఇంతకీ ఇష్టమనేనా మేడమ్? రాసుకోమంటారా?"

"రాసుకోండి" అన్నాను.